వేడి లెక్క



ప్రత్యేక సంచికకు ఏదైనా రాసి పంపమని మన కార్యదర్శిగారు ఫోను చేసినప్పుడు, డి.ఏ. బకాయిల మీద, హెల్త్ కార్డుల మీద నాకంటె బాగా రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు గదా అన్నాను. "అవి ఎటూ వస్తాయి. మీరు అమీర్‌పేట, పంజాగుట్టలలో యాభై ఏళ్లు గడిపినవారు. ఆ చరిత్ర రాయండి" అన్నారు. చరిత్ర అనగానే ఎర్రమంజిల్ గుట్ట మీద నవాబు ఫక్రుల్ ముల్క్ కట్టించుకున్న భవనం గుర్తుకు వస్తుంది. నేను ఆ ప్రాంతంలోనే ఒక ఇంజనీరింగు కార్యాలయంలో గుమాస్తాగా చేరి, సీనియర్ అసిస్టెంటుగా రిటైరైనవాణ్ణి. నవాబుల సంగతి రాయడానికి చరిత్రకారులున్నారు. నేను రాయబోయేది అమీర్‌పేట సందులో ఉండిన ఒక నాలుగడుగుల బల్ల చరిత్ర.

ఆ బల్ల మా బావమరిదిది. 1974లో ఒక ఇంటి వరండాను అద్దెకు తీసుకుని, దాని మీద రేడియోలు, తర్వాత టీవీలు, 1999 దాకా బాగుచేశాడు. చదువు పదో తరగతి. పైన ఐ.టి.ఐ.లో రేడియో మెకానిజం. ఒక చిన్న ఎలక్ట్రానిక్ భాగం ఎంతసేపట్లో వేడెక్కుతుంది, ఎంతసేపట్లో చల్లారుతుంది అన్న అంచనాయే ఆయన అసలు విద్య. ఈ సంగతి నేను చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను.

మనలో డెబ్బై దాటినవారందరికీ వాల్వు రేడియో గుర్తుండే ఉంటుంది. మీట తిప్పగానే పలకదు. లోపల వాల్వులలోని తీగ ఎర్రబడి, దాని చుట్టూ ఉన్న గొట్టం కాలి, అప్పుడు గాని ఎలక్ట్రానులు బయలుదేరవు. ఇరవై ముప్ఫై సెకన్లు పట్టేది. వార్తల వేళకు కాస్త ముందే రేడియో పెట్టాలని మా నాన్నగారు కేకలేసేవారు. అంటే వేడెక్కే కాలం అన్నది ఆనాడు ప్రతి ఇంట్లోనూ అందరికీ తెలిసిన విషయమే. వేడి ఆ యంత్రానికి కావలసిన వస్తువు.

ట్రాన్సిస్టర్ వచ్చి దీన్ని తలకిందులు చేసింది. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో పుట్టిన మొదటి ట్రాన్సిస్టర్ జెర్మేనియంతో చేసినది. దానికి వేడి అక్కర్లేదు సరిగదా, వేడే శత్రువు. జెర్మేనియం వేడెక్కిన కొద్దీ దానిలోంచి కారే కరెంటు పెరుగుతుంది, కరెంటు పెరిగితే వేడి ఇంకా పెరుగుతుంది, చివరకు అది తనంతట తానే మాడిపోతుంది. 80, 90 డిగ్రీలు దాటితే దానికి నూకలు చెల్లినట్లే. 1954లో సిలికాన్ ట్రాన్సిస్టర్ వచ్చి ఆ హద్దును 150 డిగ్రీల దాకా పెంచింది. అయినా మే నెలలో మా సందులో కిటికీ గట్టు మీద ఎండలో పెట్టిన పాకెట్ ట్రాన్సిస్టర్లు మధ్యాహ్నానికి గొంతు పోయి బావమరిది బల్ల మీదికి వచ్చేవి. సాయంత్రం చల్లబడ్డాక వాటంతట అవే పాడేవి. "చూశావా బావా, వైద్యం నేను చేయలేదు, పొద్దు చేసింది" అని నవ్వి, డబ్బు తీసుకోకుండా ఇచ్చి పంపేవాడు.

మన నగరానికి ఈ విద్య పెద్ద ఎత్తున వచ్చింది 1967లో. అణుశక్తి శాఖ కింద ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా హైదరాబాదులో ఏర్పడింది. దాన్ని నిలబెట్టిన డాక్టర్ ఎ.ఎస్. రావుగారు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టినవారు. ఆయన పేరుతోనే అక్కడ ఒక నగర్ వెలసింది. దేశంలో మొదటి సాలిడ్ స్టేట్ టీవీ తమదేనని ఆ సంస్థ చెప్పుకుంటుంది. సాలిడ్ స్టేట్ అంటే, పిక్చర్ ట్యూబ్ తప్ప మిగతాదంతా వాల్వులు లేకుండా ట్రాన్సిస్టర్లతో నడిచేదన్నమాట. 1977లో హైదరాబాదు దూరదర్శన్ ప్రసారాలు మొదలయ్యాక ఊళ్లో టీవీలు పెరిగాయి. అవి పాడైతే బాగుచేసే బల్లలూ పెరిగాయి. సామాన్లకు అందరూ కోఠీలోని గుజరాతీ గల్లీకే వెళ్లేవారు.

ఇక బావమరిది పద్ధతి చెబుతాను. టీవీకి వచ్చే జబ్బులలో కొన్ని సెట్టు పెట్టగానే కనబడతాయి. వాటిని ఎవరైనా పట్టుకుంటారు. మరికొన్ని కాసేపు బాగా నడిచి, వేడెక్కాక వస్తాయి. ఆపి చల్లార్చితే పోతాయి. మెకానిక్ వచ్చేసరికి సెట్టు బుద్ధిమంతుడిలా నడుస్తుంది. ఇలాంటి జబ్బుకు ఆయన మొదట విప్పేది సెట్టును కాదు, తన చేతి గడియారాన్ని. హెచ్.ఎం.టి. వాచీ తీసి బల్ల మీద పెట్టేవాడు. సెట్టు ఆన్ చేసి, జబ్బు ఎన్ని నిమిషాలకు వచ్చిందో ఒక లాంగు నోటుబుక్కులో రాసుకునేవాడు. రెండు మూడు నిమిషాల్లో వస్తే అది విడిగా నిలబడ్డ చిన్న ట్రాన్సిస్టరో, ఏదో చిన్న భాగమో. పావుగంట, ఇరవై నిమిషాలకు వస్తే అల్యూమినియం పలకకు బిగించిన పెద్ద ట్రాన్సిస్టర్. గంట దాటితే ట్రాన్స్‌ఫార్మర్. అనుమానం ఉన్న భాగం మీద కొవ్వొత్తి మైనం పిసరంత అంటించి, అది ఎప్పుడు కరిగిందో చూసేవాడు. కొవ్వొత్తి మైనం 55, 60 డిగ్రీల మధ్య కరుగుతుంది. ఖరీదైన థర్మామీటరు కొనలేని మనిషికి అదే థర్మామీటరు.

ఇది పిల్లచేష్టలా అనిపించేది నాకు. సర్ ఐజాక్ న్యూటన్ గారు కూడా ఇదే పని చేశారని నాకు తెలిసింది రిటైరైన తర్వాత. 1701లో ఆయన రాయల్ సొసైటీ పత్రికలో లాటిన్ భాషలో, తన పేరు లేకుండా, ఒక చిన్న వ్యాసం ప్రచురించారు. ఒక మందపాటి ఇనుప దిమ్మెను ఎర్రగా కాల్చి, ఎడతెగకుండా గాలి వీచే చోట పెట్టి, దాని మీద రకరకాల లోహాల ముక్కలు ఉంచి, ఒక్కొక్కటి గడ్డకట్టేదాకా ఎంతసేపు పట్టిందో గడియారంతో లెక్కపెట్టారు. ఆయన వేసిన ఉష్ణమాన పట్టికలో మైనం కరిగే వేడి కూడా ఉంది. వస్తువుకూ చుట్టూ ఉన్న గాలికీ వేడిలో ఎంత తేడా ఉంటే అంత వేగంగా అది చల్లారుతుందని ఆయన తేల్చిన సూత్రం. తేడా తగ్గిన కొద్దీ చల్లారే వేగమూ తగ్గుతుంది. దవరాలో పోసిన కాఫీ మొదట గబగబా చల్లారి, తర్వాత గోరువెచ్చదనం దగ్గర చాలాసేపు నిలబడిపోవడం మనకు అనుభవమే.

ఈ లెక్కను నాకు అర్థమయ్యేలా చెప్పింది ఇంజనీరింగు చదివే మా మనుమడు. నేను దాన్ని మన ఆఫీసు భాషలోకి మార్చుకున్నాను. రోజూ వచ్చే టపా ఒకటే అనుకోండి. పెండింగు తక్కువగా ఉన్నప్పుడు ఎవరూ పట్టించుకోరు, డిస్పోజలు తక్కువ. పెండింగు పెరిగిన కొద్దీ పై అధికారి ఒత్తిడి పెరిగి డిస్పోజలు పెరుగుతుంది. చివరకు రోజుకు వచ్చినన్ని కాగితాలు రోజుకు పోతాయి. అక్కడ పెండింగు నిలబడుతుంది. ట్రాన్సిస్టర్లో వేడి కూడా అంతే. లోపల పుట్టే వేడి టపా, గాలిలోకి పోయే వేడి డిస్పోజలు. ఎంత ఎత్తున నిలబడుతుంది అన్నది ఒక ప్రశ్న. అక్కడికి చేరడానికి ఎంతకాలం పడుతుంది అన్నది వేరే ప్రశ్న.

రెండో ప్రశ్నకు రెండు అంకెలు చాలు. ఒకటి, ఆ వస్తువును ఒక డిగ్రీ వేడెక్కించడానికి ఎన్ని జౌళ్ల వేడి కావాలి. రెండు, ఒక వాట్ వేడిని బయటకు పంపడానికి అది గాలికంటె ఎన్ని డిగ్రీలు ఎక్కువ వేడెక్కాలి. ఈ రెంటినీ గుణిస్తే సెకన్లు వస్తాయి. దానికి కాలస్థిరాంకం అని పేరు. అంతకాలం గడిస్తే వస్తువు ఎక్కవలసిన వేడిలో నూటికి 63 పాళ్లు ఎక్కుతుంది. దానికి రెట్టింపు కాలంలో 86, మూడు రెట్ల కాలంలో 95 పాళ్లు. చల్లారేటప్పుడూ ఇదే లెక్క, ఇవే పాళ్లు.

మనుమడు కాగితం మీద వేసి చూపించాడు. బి.సి. 547 వంటి చిన్న ట్రాన్సిస్టర్ బరువు సుమారు 0.2 గ్రాము. ఒక డిగ్రీ ఎక్కడానికి దానికి సుమారు 0.2 జౌలు కావాలి. ఒక వాట్‌కు అది 200 నుంచి 250 డిగ్రీలు ఎక్కుతుందని తయారీదార్ల పట్టికలు చెబుతాయి. గుణిస్తే 40, 50 సెకన్లు. మూడు రెట్లు అంటే రెండు నిమిషాలు, రెండున్నర. ఇక 200 గ్రాముల అల్యూమినియం పలక. గ్రాముకు 0.9 జౌలు చొప్పున 180. గాలిలోకి వాట్‌కు మూడున్నర డిగ్రీలు అనుకుంటే 630 సెకన్లు, పదిన్నర నిమిషాలు. కిలో బరువున్న ట్రాన్స్‌ఫార్మర్‌కు అదే లెక్కన ముప్పావుగంట దాకా వస్తుంది. నేను నోటుబుక్కు తీసి పక్కన పెట్టాను. చిన్నదానికి రెండు మూడు నిమిషాలు, పలకకు పావుగంట, ఇరవై నిమిషాలు, ట్రాన్స్‌ఫార్మర్‌కు గంట పైన. మావాడు కాసేపు మాట్లాడలేదు. "ఇది ఎవరు కొలిచారు తాతయ్యా?" అన్నాడు.

ఇప్పుడు నా తప్పు చెప్పుకోవాలి.

1987 జనవరి 25వ తేదీ ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకు దూరదర్శన్‌లో రామాయణం మొదలైంది. మా వరసలో మాదే టీవీ, నలుపు తెలుపుది. కంపెనీ పేరు అనవసరం. పెద్దవాళ్లకు కుర్చీలు, పిల్లలకు చాపలు. మొదటి రెండు మూడు వారాలు అంతా బాగుంది. తర్వాత ఒక ఆదివారం, సరిగ్గా పందొమ్మిది నిమిషాలకు, బొమ్మ పైనుంచీ కిందనుంచీ నలిగిపోయి, మధ్యలో ఒక అడ్డగీతగా మిగిలింది. మాట మాత్రం వినబడుతూనే ఉంది. ఆపి, కాసేపాగి పెడితే మళ్లీ బొమ్మ. మార్చి వెళ్లి ఏప్రిల్ వచ్చేసరికి పందొమ్మిది నిమిషాలు పదిహేనయ్యాయి. మే నెలలో పదికి దిగాయి.

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. బావమరిదిని పిలవకుండా పంజాగుట్ట వైపు ఉన్న ఒక పెద్ద దుకాణం నుంచి మెకానిక్కును పిలిపించాను. అతను పావుగంట చూసి, పిక్చర్ ట్యూబ్ పోయింది, మార్చాల్సిందే అన్నాడు. చెప్పిన ధర నా నెల జీతంలో సగానికి పైమాటే. జూన్‌లో ఇద్దరు పిల్లల స్కూలు ఫీజులున్నాయి. జి.పి.ఎఫ్. అడ్వాన్సుకు దరఖాస్తు నింపి, సంతకం కూడా పెట్టాను. మా ఆవిడ తమ్ముడికి కబురు పెట్టింది. ఆయన వచ్చేసరికి మా ఇంట్లో ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగువారు కూడా ఉన్నారు. "ట్యూబ్ కాదు బావా" అన్నాడు సెట్టు చూడకుండానే. నాకు కోపం వచ్చింది. "అంత పెద్ద షాపువాడికి తెలియంది నీకు తెలుస్తుందా? స్క్రూడ్రైవర్ తిప్పడం తప్ప నువ్వు చదివిందేమిటి?" అన్నాను, అందరి ముందూ.

ఆయన జవాబివ్వలేదు. వాచీ తీసి టీవీ మీద పెట్టాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. పాతబడ్డ ట్యూబ్ మొదట మసకగా ఉండి, వేడెక్కిన కొద్దీ మెరుగవుతుంది, ఇది మొదట బాగుండి తర్వాత చెడుతోంది, కాబట్టి ట్యూబ్ కాదు అని. బొమ్మను నిలువుగా సాగదీసే భాగంలో పలకకు బిగించిన ట్రాన్సిస్టర్ మీద ఆయనకు అనుమానం. అది మార్చాడు. పది నిమిషాలకు మళ్లీ అడ్డగీత! నేను గెలిచినట్టు చూశానేమో, ఇప్పటికీ ఆ చూపు తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

ఆయన సెట్టు ఆపేశాడు. (పాఠకులకు మనవి: టీవీ వెనుక మూత ఎవరూ తీయకండి. పాత పిక్చర్ ట్యూబ్‌లో ఆపిన తర్వాత కూడా వేల వోల్టులు నిలవ ఉంటాయి.) లోపల చూస్తే పలకకు ఆనుకుని ఒక చిన్న ట్రాన్సిస్టర్ ఉంది. దూదిని స్పిరిట్‌లో ముంచి, దానికొక్కదానికే ఒక నిమిషం అద్దాడు. ఆరనిచ్చాడు. పలక ఇంకా చెయ్యి పెట్టలేనంత వేడిగానే ఉంది. పెద్ద వస్తువు గదా, నిమిషంలో చల్లారదు. సెట్టు పెట్టగానే బొమ్మ నిండుగా వచ్చింది. రెండు నిమిషాలకు మళ్లీ నలిగింది. "దొరికింది బావా. దీనికి దాని వేడి కాదు, పక్కవాడి వేడి తగిలింది. అందుకే రెండు నిమిషాల సరుకు ఇరవై నిమిషాల లెక్క చూపించింది" అన్నాడు. కొత్త ట్రాన్సిస్టర్ ఆయన చొక్కా జేబులోని చిల్లరతో వచ్చే సరుకు. దాన్ని పలకకు కాస్త ఎడంగా నిలబెట్టి టంకం పెట్టాడు. ఆ ఆదివారం రామాయణం చివరిదాకా చూశాం. జి.పి.ఎఫ్. దరఖాస్తు చింపేశాను.

మొదట్లో పందొమ్మిది, మేలో పది ఎందుకయ్యాయో కూడా మనుమడి లెక్కలో తేలింది. ఆ మూల వేడి గదికంటె 60 డిగ్రీలు ఎక్కుతుందనీ, 75 దగ్గర జబ్బు పైకి వస్తుందనీ, కాలస్థిరాంకం పది నిమిషాలనీ అనుకుందాం. చలికాలం గది 24 డిగ్రీలు ఉంటే 51 డిగ్రీలు ఎక్కాలి, అంటే 60లో 85 పాళ్లు. దానికి 19 నిమిషాలు. మే ఉదయం గది 36 ఉంటే 39 డిగ్రీలు ఎక్కితే చాలు, 65 పాళ్లు. పదిన్నర నిమిషాలు. సెట్టు వేడెక్కే వేగం మారలేదు. బయలుదేరిన మెట్టు మారింది.

బావమరిది మొదటిసారి పొరబడ్డాడని కొందరనవచ్చు. ఇంతకంటె గొప్పవారు ఇదే లెక్కలో ఇంతకంటె ఘోరంగా పొరబడ్డారు. ఘనపదార్థాలలో వేడి ఎలా పాకుతుందో ఫ్రాన్సు దేశపు ఫోరియే గారు 1822లో గ్రంథం రాశారు. ఆ గణితం పట్టుకుని 1862లో కెల్విన్ ప్రభువు, భూమి చల్లారడానికి పట్టిన కాలాన్నిబట్టి దాని వయస్సు రెండు కోట్ల నుంచి నలభై కోట్ల ఏళ్ల మధ్య అని తేల్చారు. అసలు వయస్సు 450 కోట్ల ఏళ్లు. లోపలి పదార్థం కదిలి వేడిని పైకి తెస్తుందని, రేడియోధార్మికత వల్ల లోపలే కొత్త వేడి పుడుతుందని ఆయన లెక్కలోకి రాలేదు. గుణకారంలో తప్పులేదు, వేడి ఎక్కడినుంచి వస్తోందన్న దగ్గరే పొరబాటు. బావమరిది తన పొరబాటును పది నిమిషాల్లో, దూది ముక్కతో దిద్దుకున్నాడు.

మైనంతో పట్టుకోలేనివీ ఉన్నాయి. ట్రాన్సిస్టర్ లోపలి సిలికాన్ ముక్క ఆవగింజంత. షార్టయితే సెకనులో వెయ్యో వంతు కాలంలోనే అది మాడగలదు, పైన డొక్కు చల్లగానే ఉంటుంది. అక్కడ ఇంజనీర్లు ట్రాన్సిస్టర్‌నే థర్మామీటరుగా వాడుకున్నారు. వేడి ఒక డిగ్రీ పెరిగితే దాని కొసల మధ్య వోల్టేజి సుమారు రెండు మిల్లీవోల్టులు తగ్గుతుంది. ఆ కిటుకే ఈనాటి సెల్‌ఫోన్ చిప్పులలోనూ ఉంది. ఫోను వేడెక్కితే చిప్పు తానే తెలుసుకుని వేగం తగ్గించుకుంటుంది. ఎండలో పెట్టిన ఫోను నత్తలా నడుస్తోందని పిల్లలను విసుక్కునే మిత్రులు ఇది గమనించగలరు.

1990ల చివరికి మైత్రీవనం చుట్టుపక్కల కంప్యూటర్ కోచింగు సెంటర్లు నిండిపోయాయి. వరండా అద్దె ఆయన సంపాదనను మించిపోయింది. 1999లో బల్ల ఎత్తేశాడు. 2017 నవంబరులో అమీర్‌పేటకు మెట్రో రైలు వచ్చేనాటికి ఆయన లేడు. ఆనాడు అన్న మాటకు నేను ఆయనకు క్షమాపణ చెప్పలేదు. ఆయనా మనసులో పెట్టుకున్నట్టు కనబడలేదు. పండగకు వస్తే "బావా, టీవీ ఎలా ఉంది?" అని మాత్రం అడిగేవాడు.

నోటుబుక్కు మా చెల్లెమ్మ, అంటే ఆయన భార్య, నాకు ఇచ్చింది. అందులో మా టీవీ పేజీ ఉంది. తేదీ, జబ్బు, నిమిషాలు, మార్చిన భాగం అన్నీ రాసి ఉన్నాయి. పైసల గడిలో ఏమీ లేదు. కింద ఒక వరుస: "అక్క సెట్టు మీద అల్లిక గుడ్డ కప్పుతుంది. గాలి కన్నాలు మూసుకుపోతున్నాయి. తీయించాలి." ఆ సంగతి ఆయన ఎన్నడూ మాతో అనలేదు, అక్క చేత్తో అల్లిన గుడ్డ గదా. మొన్న ఈ పేజీ మా ఆవిడకు చదివి వినిపించాను. సెట్‌టాప్ బాక్సు మీద కప్పిన గుడ్డ లేచి వెళ్లి తీసి, మడతపెట్టి బీరువాలో పెట్టింది.